దోషము చెప్పి అమ్ముట

భోపాలపట్నము.

చిరంజీవి నాయనకు పెద్దబాపు ఆశీర్వదించి వ్రాయునది.

నీ లేఖ చేరినది. బండి మరల నిలిచిపోయినదనియు, రాయపూరు గ్యారేజీవారు గేరుబాక్సునకు మరల పెద్ద బిల్లు చెప్పుచున్నారనియు, విసిగి వేసారి దానిని అమ్మివేయ నిశ్చయించుకొంటివనియు, సిరోంచ వైపునుండి ఒక చిన్న కాంట్రాక్టరు కొనుటకు సిద్ధముగా నున్నాడనియు, అతడు నడిపి చూచుటకు వచ్చు నాటి యుదయముననే స్కానరు పెట్టి ఎర్రరు కోడులను చెరిపివేసినచో కొంతదూరము వరకు ఏ దోషమును బయటపడదని దళారి చెప్పెననియు వ్రాసితివి. తక్కినవన్నియు కష్టములు, కష్టములకు ఓదార్పు చాలును. ఈ చివరి మాటకు మాత్రము ఓదార్పు చాలదు కనుక ఇంత దీర్ఘముగా వ్రాయవలసి వచ్చినది.

బిడ్డా, అట్టి ఎత్తయిన విదేశీ బండిని కోరినందుకు నిన్ను నేను నిందింపను. 2007లో దంతెవాడనుండి విడివడి బీజాపూరు జిల్లా అయిన పిమ్మట రోడ్డు పనులును, వాటితోపాటు కాంట్రాక్టర్లును పెరిగిరి. కలెక్టరు కార్యాలయము ముందు ఎత్తయిన బండి దిగినవానికి దొరకు మర్యాద, మోటారుసైకిలు దిగినవానికి దొరకదని నీవనిన మాట అసత్యము కాదు. అయితే ఆ బండి నీ చేతికి అంత చవుకగా ఏల వచ్చెనో కొనునాడే విచారింపవలసియుండెను. పదియేండ్లు దాటిన డీజిలు బండ్లు ఢిల్లీ పరిసర ప్రాంతమున తిరుగరాదని జాతీయ హరిత న్యాయాధికరణము 2015లో ఆజ్ఞాపింపగా, 2018 అక్టోబరులో సుప్రీంకోర్టు ఆ నిషేధమును గట్టిపరచెను. అందుచే, కొత్తలో లక్షలకు లక్షలు పోసి కొన్న విదేశీ బండ్లు, చక్కగా నడుచునవియు నడువనివియు ఒక్క గుంపుగా, ఎన్‌ఓసీ కాగితములతో దేశపు నలుమూలలకు ప్రవహించినవి. తప్పనిసరియై అమ్మినవాడెవడో, రోగమెరిగి వదిలించుకొన్నవాడెవడో ఆ గుంపులో పోల్చుట దుర్లభము. నీకు అమ్మినవాడు రెండవ తెగవాడని యిప్పుడు నీవు నమ్ముచున్నావు. కావచ్చును.

ఇక యంత్రము సంగతి. క్లచ్ పెడలు లేని ఆ బండిలో ఇంజను బలము మొదట ఇనుము ద్వారా గాక నూనె ద్వారా ముందునకు సాగును. 1905లో హెర్మన్ ఫ్యోటింగర్ అను జర్మను ఇంజనీరు, ఆవిరి టర్బైను యొక్క అతివేగమును ఓడ ప్రొపెల్లరునకు తగిన మందవేగముగా మార్చుటకై, ఎదురెదురుగా నున్న రెండు రెక్కల చక్రముల నడుమ ద్రవమును త్రిప్పి బలమును పంపు ఉపాయమునకు పేటెంటు పొందెను. ఓడలకొరకు పుట్టిన ఆ యుపాయమే, అమెరికాలో జనరల్ మోటార్స్ వారు 1940 నమూనా ఓల్డ్స్‌మొబీల్ కార్లలో అమర్చిన హైడ్రామాటిక్ మొదలుకొని నేటి ఎనిమిది గేర్ల పెట్టెల వరకు, ఈ జాతి గేరుబాక్సులకు మూలమై నిలిచినది. ఆ నూనెయే బలమును మోయును, వాల్వుబాడీలోని సన్నని కాలువల గుండ ఒత్తిడితో పాఱి క్లచ్ ప్లేట్లను నొక్కి గేరు మార్చును, పండ్లచక్రములకు జిడ్డునిచ్చును, లోపలి వేడిమిని గ్రహించి కూలరునకు చేర్చును. కంప్యూటరు సోలినాయిడ్లకు ఆజ్ఞలిచ్చును గాని, ఆ యాజ్ఞ నెరవేరుట నూనె యొత్తిడి యధీనమున నున్నది. నూనె చెడినచో ఒత్తిడి తప్పును; ఒత్తిడి తప్పినచో ప్లేట్లు జారును; జారుటవలన వేడి పుట్టును; ఆ వేడి నూనెను మరింత చెఱచును.

ఇందు గమనింపదగిన విశేషమొకటి కలదు. ప్లేట్లు అరిగినకొలది ఏ క్లచ్చునకు ఎంత ఒత్తిడి, ఎంత వ్యవధి కావలయునో కంప్యూటరు నేర్చుకొనుచు, అరుగుదలను నడుపువానికి తెలియనీయక సర్దుచుండును. సర్దుటకు హద్దు దాటిన పిమ్మటనే, బండి ఆగబోవునపుడు రెండవ గేరునుండి మొదటి గేరునకు దిగుచు వెనుకనుండి తన్నినట్లు కుదుపును. రివర్సు వేసిన తరువాత తడవు చేసి కదలును. తుదకు రక్షణార్థమై ఒక్క గేరులో బిగిసి, డాష్‌బోర్డుపై హెచ్చరిక వెలిగించి, నెమ్మదిగా తప్ప నడువదు. కావున నీకు మొదటి కుదుపు తెలిసిన నాటికే రోగము పాతది. ఆ కుదుపునకు గ్యారేజీవాడు చేసినదేమి? కోడు చెరిపెను. కొన్నాళ్లకు మరల రాగా వాల్వుబాడీ మార్చెను. వానలు వెలిసిన తరువాత మరల వచ్చినది. నీవు పంపిన బిల్లులన్నియు కళ్లద్దములు పెట్టుకొని శ్రద్ధగా చదివితిని. భాగముల వెలలు రూపాయి తప్పక వ్రాసియున్నవి గాని, తీసిన నూనె ఏ రంగున నుండెనో, మాడువాసన కొట్టెనో లేదో, అడుగున లోహపు పొడి చేరెనో లేదో ఒక్క బిల్లులోను జాడ లేదు. కారణము వెదకక కార్యమును తుడిచినవానికి రోగము తిరిగి వచ్చుట ఆశ్చర్యమా?

తాలిపేరు పొంగిన దినములలో బాసగూడ వైపు పోవుచు నీళ్లలో బండి దింపితినని ఒకప్పుడు నీవే గొప్పగా చెప్పితివి. వేడెక్కిన గేరుబాక్సు చల్లని నీటిలో మునిగినప్పుడు లోపలి గాలి ముడుచుకొనును. గాలి పీల్చు సన్నని గొట్టము నీటి మట్టమునకు దిగువనున్నచో గాలికి మారు నీటినే పీల్చును. కూలరు లోపల చీలినను రేడియేటరు నీరు నూనెతో కలియును. నీరు చేరిన నూనె పాలు కలిపినట్లు తెల్లబారును. ప్లేట్లపై అంటించిన పొర జిగురు విడిచి ఊడును. అట్టిచో ఎన్ని వాల్వుబాడీలు మార్చినను ఫలమేమి? బలహీనమైన బ్యాటరీ కూడ ఈ కంప్యూటర్ల చేత లేనిపోని దోషములు పలికించును. చవుకైన ఈ పరీక్షలు ముందు జరుగవలెను. వెలగల భాగములు పిదప.

ఈ నూనెను యావజ్జీవము మార్చనక్కరలేదని కొన్ని కార్ల కంపెనీలు తమ పుస్తకములలో వ్రాయుచుండగా, అట్టి కంపెనీలకు గేరుబాక్సులు చేసి యిచ్చు జర్మనీలోని జడ్ఎఫ్ సంస్థ మాత్రము, నడక తీరును బట్టి 80,000 నుండి 1,20,000 కిలోమీటర్ల నడుమనో, ఎనిమిదేండ్లకో మార్చుమని చెప్పుచున్నది. పుస్తకములోని మాట మొదటి యజమాని అమ్మివేయువరకు నిలుచును. అటుపిమ్మట చేతులు మారి బస్తరు చేరిన బండి సంగతి ఆ పుస్తకము ఎరుగదు. మట్టము చూచుటకును నియమము కలదు. పెక్కు నమూనాలలో బండి సమతలమున నుండవలెను, ఇంజను నడుచుచుండవలెను, నూనె వేడి 30 నుండి 50 డిగ్రీల నడుమ నుండవలెను. మే నెల మధ్యాహ్నమున బీజాపూరు ఎండలో నిలిచిన బండికి ఈ నియమమెట్లు సాగును? తెల్లవారుజామున చేయింపవలసిన పని అది. మరియొక మాట: దారిలో నిలిచినప్పుడు ట్రాక్టరునకు త్రాడు కట్టి లాగింపకుము. నూనెను త్రోయు పంపు ఇంజనుతోనే తిరుగును గనుక, ఇంజను ఆగి చక్రములు తిరిగినచో లోపలి భాగములు జిడ్డు లేక కాలిపోవును. లారీపై ఎక్కించి తీసికొనిపోవుటయే మార్గము. కేశ్‌కాల్ ఘాటు మలుపులు దాటి రాయపూరు వరకు నాలుగు వందల కిలోమీటర్లకు పైబడిన ఆ ప్రయాణమునకు ఎంత యగునో నీకిప్పుడు తెలిసియే యున్నది.

ఇప్పుడు అసలు మాటకు వత్తును. దళారి చెప్పినది వ్యాపారరహస్యమని నీవు వ్రాసితివి. 1872 నాటి కాంట్రాక్టు చట్టము 17వ సెక్షను తీసి చూడుము; అందు ఉదాహరణముగా ఒక గుఱ్ఱము కలదు. గుఱ్ఱము రోగగ్రస్తమని ఎరిగియు వేలములో నోరు మెదపక అమ్మినవాడు మోసగాడు కాడని చట్టము చెప్పును. అంతమాత్రమున సంతోషింపకుము, ఆ గుఱ్ఱమే మరల రెండుమారులు వచ్చును. కొనునది అప్పుడే యుక్తవయస్సు వచ్చిన తన కూతురైనచో, ఆ బంధమును బట్టియే చెప్పవలసిన బాధ్యత తండ్రిపై పడును. ‘నీవు కాదనకున్నచో గుఱ్ఱము బాగున్నదనుకొందును’ అని కొనువాడు పలుకగా అమ్మువాడు ఊరకున్నచో, ఆ మౌనము పలుకుతో సమానము. ఇంతకంటె ముఖ్యమైనది, ఎరిగిన సంగతిని పనిగట్టుకొని మరుగుపరచుట మోసమని ఆ సెక్షను స్పష్టముగా చెప్పుచున్నది. కోడు చెరుపుట మౌనము కాదు, నాయనా. బండి తానై చెప్పుచున్న సత్యమును నీ చేతితో తుడుచుట.

మన పెద్దలు ఇంతకంటె కఠినులు. ఒకదానితో వేరొకటి కలిపినదానిని, దోషము కలదానిని, తక్కువైనదానిని, మరుగుపరచినదానిని అమ్మరాదని మనుస్మృతి అష్టమాధ్యాయము విధించును. కొన్నవాడు గాని అమ్మినవాడు గాని పశ్చాత్తప్తుడైనచో పది దినములలోపల వస్తువును తిరిగి యిచ్చుటకు గాని తీసికొనుటకు గాని అవకాశము నిచ్చును. నారదస్మృతి క్రీతానుశయ ప్రకరణమున పరీక్షాకాలము వస్తువును బట్టి మారును: పాడిపశువునకు మూడు దినములు, బరువు లాగు పశువునకు అయిదు దినములు, రత్నములకు ఏడు దినములు. ఆ స్మృతులలోని పెక్కు విధులను నేడు మనము అంగీకరింపము, అంగీకరింపనక్కరయు లేదు. కాని లోపలి గుణము వాడుకలో గాని తెలియదనియు, ఆ తెలియుటకు పట్టు కాలమును కొనువానికి విడువవలెననియు వారు గ్రహించిన తీరు మెచ్చదగినది. అంగడిలో ఎద్దును బేరమాడువాడు నోరు తెరచి పండ్లు చూచును, కాడి కట్టి నడిపించును, గిట్టలు తడవి చూచును; నీ గేరుబాక్సు విషయమున పండ్లు చూచు సాధనము ఆ స్కానరొక్కటియే, దానినే నీవు కొనువాడు రాకముందు ఖాళీచేయ దలచితివి.

నన్ను మోసగించినవాడు ఢిల్లీలో సుఖముగా నున్నాడు గదా, నేనొక్కడనే ధర్మపరుడనై నష్టపడవలెనా యని నీవడుగుదువు. న్యాయమైన ప్రశ్నయే. నష్టము అన్యాయముగా నీపై పడినది, అది నిజము. అయితే ఆ యన్యాయము చేసినవాడు సిరోంచవాడు కాడు. చేయని ఋణమును అతనిచేత తీర్పింప నీకు హక్కెక్కడిది? 1970లో జార్జి అకెర్లాఫ్ అను అమెరికా అర్థశాస్త్రజ్ఞుడు పాతకార్ల సంతనే ఉదాహరణముగా గొని యొక వ్యాసము వ్రాసెను. దోషము అమ్మువానికే తెలిసి కొనువానికి తెలియనిచోట, కొనువాడు అన్నిటికిని సగటు ధరయే యిచ్చుననియు, ఆ ధరకు మంచి బండి గలవాడు అమ్మక మరలిపోవుననియు, క్రమముగా చెడ్డవియే మిగిలి సంతయే క్షీణించుననియు ఆయన చూపెను. ఆ కృషికి 2001లో నోబెలు బహుమానములో భాగము పొందెను. ఆయన చెప్పిన సంత ముఖపరిచయము లేనివారి సంత. మనది అట్టిది కాదు. తిమేడు దగ్గర ఇంద్రావతి వంతెన దాటినచో అతని ఊరి దారి. మన ఆడపడుచులను అటు ఇచ్చితిమి, వారి పిల్లలను ఇటు తెచ్చుకొంటిమి. అతడు నీ మాటను నమ్మి కొనునేగాని ఏ సంతధరను చూచియు కాదు. ఆ బండి ఒకనాటి రాత్రి, ఫోను సిగ్నలు అందని అడవి నడుమ, భార్యాబిడ్డలు లోపల నుండగా, ఒక్క గేరులో బిగిసిపోయినచో అతడు తలచుకొను పేరు ఢిల్లీవానిది కాదు.

కావున చేయవలసినది వ్రాయుచున్నాను. ముందుగా నూనె తీయించి చూడుము. నీరు చేరెనో లేదో తేలును. బ్యాటరీ పరీక్షింపుము. బాగుచేయుటకు అగు వ్యయము బండి వెలలో సగము మించునని తేలినచో బాగుచేయింపకుము, ఉన్నదున్నట్లు అమ్ముము. కొనువాడు వచ్చిననాడు కోడులు చెరుపకయే స్కానరు పెట్టించి చూపుము. బిల్లులన్నియు అతని ముందుంచుము. రాత్రియంతయు నిలిచి చల్లబడిన బండిని అతనిచేతనే స్టార్టు చేయించి నడిపింపుము, పిదప వేడెక్కిన తరువాత మరల నడిపింపుము. ఈ దోషములలో కొన్ని చల్లగానున్నప్పుడును, కొన్ని వేడెక్కిన పిదపను మాత్రమే బయటపడును. గేరుబాక్సులో దోషము కలదని తెలిసియే కొనుచున్నానని అమ్మకపు కాగితముపై అతనిచేత వ్రాయించి సంతకము తీసికొనుము. వెల తగ్గును. ఎంత తగ్గునో అంత తగ్గనిమ్ము. ఆ తేడాకు బ్యాంకు కిస్తీ ఆగునని భయపడుచున్నావు గదా, ఆ మేరకు నేను సర్దెదను, పంట వచ్చిన తరువాత తీర్చుదువు గాని. అతడు విని, వలదని వెళ్లిపోయినచో వెళ్లనిమ్ము. అట్టి బండ్లను కొని గేరుబాక్సు విప్పి బాగుచేసికొను మెకానిక్కులు వరంగల్లులోను హైదరాబాదులోను కలరు. వారికి దోషము దాచనక్కర యుండదు.

కాగితముల విషయమున మాత్రము జాగ్రత్త వహింపుము. సిరోంచ మహారాష్ట్రలోనిది కనుక ఫారము 28పై ఎన్‌ఓసీ కావలెను. బదిలీకి 29, 30 ఫారములు. ఖాళీ ఫారములపై సంతకము చేసి దళారి చేతికీయకుము. ఆర్‌సీలో పేరు మారువరకు ప్రమాదము జరిగినచో నష్టపరిహార బాధ్యత రిజిస్టరైన యజమానిపైననే నిలుచునని 2018 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు తీర్పు చెప్పియున్నది. అతడు ఆదివారము వచ్చునని వ్రాసితివి. శనివారము సాయంకాలపు బస్సుకు నేను బీజాపూరు చేరెదను. నేను వచ్చువరకు దళారిని ఆ బండి తాకనీయకుము.

ఇట్లు,
నీ పెద్దబాపు.