ర్యాంకుల బడిలో భూమి పాఠం

ఐక్యరాజ్యసమితి 2015లో పెట్టుకున్న సుస్థిరాభివృద్ధి లక్ష్యాల్లో 4.7 చదువుకు సంబంధించినది. భూమిని కాపాడుకుంటూ బతకడం, ప్రపంచ పౌరులుగా మెలగడం 2030 కల్లా చదువుకునే వాళ్లందరికీ తెలియాలంటుంది. మన పిల్లలకు ఈ పాఠం కొత్తదేమీ కాదు. నీళ్లు వృథా చేయకూడదని, చెట్లు నరకకూడదని మూడో తరగతి పిల్లలే రాసి మార్కులు తెచ్చుకుంటున్నారు. ఆ మార్కుల్లో పక్కవాణ్ణి దాటాలనీ అదే బడిలో నేర్చుకుంటున్నారు.

ఈ రెండూ ఒకే మనసులో ఇముడుతాయా?

ఇమడవన్నారు జిడ్డు కృష్ణమూర్తి. 1895లో మదనపల్లెలో తెలుగువారింట పుట్టిన ఆయన, తనను జగద్గురువుగా నిలబెట్టేందుకు ఏర్పడిన ‘ఆర్డర్ ఆఫ్ ది స్టార్’ సంస్థను 1929లో నెదర్లాండ్స్‌లోని ఒమెన్‌లో తానే రద్దు చేశారు. దేశం పేరిట, మతం పేరిట మనుషులు గిరి గీసుకోవడంలోనే హింస మొదలవుతుందని ఆయన చెబుతూ వచ్చారు. ఒక బిడ్డను మరో బిడ్డతో పోల్చడాన్నీ ఆ హింసలోనే చేర్చారు. యుద్ధానికీ ప్రోగ్రెస్ కార్డుకీ చుట్టరికం కలిపిన ఈ మాట మొదట అతిగా తోస్తుంది. కానీ ఎదుటివాడి కన్నా ఎక్కువ కావాలన్న ఆశే కదా అడవినీ చెరువునీ మింగుతున్నది!

మదనపల్లెకు దగ్గర్లోని రిషి వ్యాలీ ఆయన ఆలోచనతో మొదలైన బడి. అక్కడి గ్రామీణ విద్యా కేంద్రం చుట్టుపక్కల పల్లెల్లో చిన్న బడులు నడిపింది. తరగతులన్నీ ఒకే గదిలో, ఒకే టీచరుతో, తెలుగులో. గోడ మీద ‘నిచ్చెన’ పటం ఉంటుంది. పాప తానున్న మెట్టు చూసుకుంటుంది, ఆ మెట్టు గుర్తున్న కార్డు తెచ్చుకుంటుంది, తన గుంపులో కూర్చుంటుంది. రాని చోట టీచరో తోటి పిల్లలో సాయపడతారు. కొన్నాళ్లు బడి మానేసి వచ్చినా ఆగిన మెట్టు దగ్గరే మళ్లీ మొదలు. అందరూ ఒకే రోజు ఒకే మెట్టు మీద ఉండరు కాబట్టి ఫస్టు, లాస్టు అన్న లెక్కకు చోటే లేదు. ఎదుటివాడికి నేర్పితే తనకు తగ్గేదేమీ లేదని ఆ పిల్లలు చేసి తెలుసుకుంటారు. ప్రపంచ పౌరసత్వానికి ఇంతకన్నా మంచి తొలిపాఠం ఏముంటుంది?

రేపు ఈఏపీసెట్ రాయాల్సిన పిల్లలు పోటీ తెలియకుండా పెరిగితే ఎలా అని తల్లిదండ్రులు భయపడతారు. కూలికి వెళ్లి బిడ్డను చదివించే తల్లికి ఆ భయం మరీ ఎక్కువ. దాన్ని కొట్టిపారేయకూడదు. అయితే ఆ పరీక్షకు కావాల్సిన చదువూ లెక్కా ఆరేళ్ల పిల్లకు ర్యాంకు వేస్తే రావు. పైగా ఈ నిచ్చెన పద్ధతి రిషి వ్యాలీ పల్లెలతోనే ఆగలేదు. కర్ణాటక దీని నుంచే 1995లో ‘నలి-కలి’ అనే బోధనా పద్ధతిని మొదలుపెట్టింది. చెన్నై కార్పొరేషన్ బడులు 2003లో ఈ దారి పట్టాయి, 2007లో అది తమిళనాడు అంతటికీ విస్తరించింది. ఇవన్నీ సర్కారు బడులే.

పర్యావరణ దినోత్సవం నాడు మొక్క నాటించే హెడ్మాస్టర్లు ఇంకొక్క పని కూడా చేయాలి. ఐదో తరగతి దాకా ర్యాంకుల పట్టిక నోటీసు బోర్డు మీద పెట్టడం ఈ ఏడాదే మానేయాలి. దానికి జీవో అక్కర్లేదు, నిధులూ అక్కర్లేదు.