పెట్టుడుమొగము

ఎవరును తన్ను గుర్తింపని చోట మనుష్యుడు నిజముగ స్వతంత్రుడగునా, లేక తన్ను తానే పోగొట్టుకొనునా? లాటిను భాషలో పెట్టుడుమొగమునకు పెర్సోనా యని పేరు. వ్యక్తి యను నర్థమిచ్చు పాశ్చాత్యపదము దానినుండియే పుట్టినది. నాటకమున తగిలించుకొను బొమ్మమొగమే కాలక్రమమున మనిషికి పేరయ్యెను! ఈ ప్రశ్నను విచారించుటకు ఇటలీదేశపు వెనీసు నగరముకంటె తగిన యుదాహరణము మాకు కానరాదు.

క్రైస్తవుల యుపవాసదినములకు ముందు జరుగు కార్నివాలు పండుగలో పెట్టుడుమొగములతో తిరుగుట ఆ నగరమున మిక్కిలి పురాతనమైన యాచారము. ఆ వేషములో గ్రుడ్లు విసరరాదని 1268లోనే శాసనము చేయవలసి వచ్చెననగా, మొగము కప్పుకొన్నవారి చేతులకు ఎంత త్వరగ ధైర్యము కలుగునో చదువరులే యూహింపవచ్చును. 1436లో వీనిని చేయు పనివారికి ప్రత్యేక సంఘనియమము లేర్పడెను. 18వ శతాబ్దము నాటికి ఏటికి కొన్ని మాసములపాటు వీనిని ధరించుట సామాన్యమయ్యెను. అందు ప్రసిద్ధమైనది బౌత్తా: తెల్లని మొగము, నల్లని ముసుగు, మూడుమూలల టోపి. ఆ మొగముయొక్క క్రిందిభాగము ముందునకు పొడుచుకొని వచ్చియుండుటచే దానిని తీయకయే తినవచ్చును, త్రాగవచ్చును. కంఠస్వరము సయితము మారిపోవును. ప్రభువైనను సేవకుడైనను, స్త్రీయైనను పురుషుడైనను, పెట్టుడుమొగము గారూ యని యొకేరీతిగ పలుకరించుట నాటి మర్యాద.

ఇది సమానత్వము కాదా యని కొందరందురు. ఆ మాటను మేము తేలికగ త్రోసివేయజాలము. జన్మముచేతనే గౌరవము నిర్ణయింపబడు చోట ఒక్క సాయంకాలమైనను ఆ లెక్క మరచుట చిన్న విషయము కాదు. కాని యా సమానత్వమును అనుగ్రహించినవారెవరు? 1297లో మహాసభా ప్రవేశమును కొన్ని వంశములకే మిగిల్చి తలుపు మూసికొన్న ప్రభువర్గమే. ఆ వంశీయుల పేరులు వ్రాయబడు స్వర్ణగ్రంథమున ఏ కార్నివాలును ఒక్క పేరైనను చేర్పలేదు. 1638లో ప్రభుత్వానుమతితో తెరచిన రిదొత్తో యను జూదశాలలో ఆడవచ్చినవారు మొగము కప్పుకొనవలయును. పందెము నడపు ప్రభువంశీయులు మాత్రము మొగము చూపుచు కూర్చుండెడివారు. 1774లో ఆ శాల మూయబడునప్పటికి ఎన్ని కొంపలు గుల్లయయ్యెనో! దాచినంతసేపు దొరకి, చూపగనే పోవు గౌరవము మనుష్యునకు దక్కినదా, మొగమునకు దక్కినదా?

స్త్రీల విషయము మరింత విచారకరము. మొరెత్తా యను నల్లని మఖమలు మొగమునకు నోరు లేదు, కట్టుకొనుటకు త్రాడును లేదు. లోపలివైపున నొక గుండీ యుండును. దానిని పండ్లతో కరచి పట్టుకొనిననే యది నిలుచును. మాటాడవలెనన్న మొగమును వదలవలయును. మొగము దాచవలెనన్న మాటను వదలవలయును. పియెత్రో లోంగి యను చిత్రకారుడు 1751లో ఖడ్గమృగమును చూడవచ్చిన జనులను చిత్రించినప్పుడు ఇట్టి స్త్రీ నొకతెను వారి నడుమ నిలిపెను. ఆమె యిష్టపూర్వకముగనే ధరించెను గదా యని యడుగువారు గలరు. ఇష్టమే కావచ్చును, అక్కరలేనివారి మాటలకు బదులు చెప్పనవసరము లేని సుఖమును ఆమె యందు పొందియు నుండవచ్చును. కాని బదులు చెప్పకుండు హక్కు మొగము తెరచియున్నప్పుడే ఆమెకు ఉండవలసినది. దానికొరకు ఆమె గుండీని కరవవలసివచ్చుట ఏమి న్యాయము?

1797 మే 12వ తేదీన నెపోలియనునకు వెరచి మహాసభ తన్ను తానే రద్దుచేసికొనెను. ఆ జూనులో స్వర్ణగ్రంథమును బహిరంగముగ తగులబెట్టిరి. క్రమముగ పెట్టుడుమొగములును వీథులనుండి తొలగెను. 1979లో పండుగ మరల నారంభమైనది. నేడు దూరదేశములనుండి వచ్చు యాత్రికులు ఆ మొగములను కొని, తగిలించుకొని, ఛాయాచిత్రములు తీయించుకొని, ఇండ్లకు పోయి వానిలో తామెవరో బంధువులకు చూపి చెప్పుచుందురు.