అడిగి చేయు సహాయము



గాలివానలో ఇల్లు కూలినవానికి మొదట ఏమి ఇయ్యవలెను? అన్నము, బట్ట, తలదాచుకొనుటకు చోటు అని మనమందరము చెప్పుదుము. అది నిజమే. అయితే వానియొద్ద కూర్చుండి వాని మాట వినుట కూడ సహాయములో భాగమా, లేక తీరికయున్నప్పుడు చేయదగిన మర్యాద మాత్రమేనా? ఈ ప్రశ్నను ఈ నెల మీ యెదుట ఉంచుచున్నాము.

కరీబియను సముద్రమునొద్ద బార్బుడా అను చిన్న ద్వీపమున్నది. దక్షిణముననున్న ఆంటిగ్వా ద్వీపముతో కలిసి అది ఒకే దేశము. 2017 సెప్టెంబరు 6వ తేదిన, తెల్లవారకమునుపే, ఇర్మా అను పెనుతుపాను దానిమీదుగా పోయెను. టెలిఫోను టవరు విరిగెను. అక్కడివారు బ్రదికియున్నారో లేదో కొన్ని గంటలపాటు ఆంటిగ్వాలోని వారికి తెలియలేదు. ప్రధానమంత్రి హెలికాప్టరులో వెళ్లి చూచిన తరువాతనే నష్టమెంతటిదో బయటపడెను. ఇండ్లలో అధిక భాగము పాడయ్యెను. ఒక పసిబిడ్డ మరణించెను. హోసే అను మరియొక తుపాను వెనువెంటనే వచ్చుచుండెను గనుక ద్వీపవాసులను, సుమారు 1,800 మందిని, ఆంటిగ్వాకు చేర్చిరి. ప్రాణము కాపాడుటకై చేసిన ఆ పనిని మేము తప్పుపట్టము. నీట మునుగువానిని చెయ్యి పట్టి లాగుటకు ఎవరును అనుమతి అడుగరు.

అసలు చిక్కు తరువాత వచ్చెను. 1834లో బానిసత్వము రద్దయిన తరువాత బార్బుడావారు తమ నేలను ఉమ్మడిగా అనుభవించుచు వచ్చిరి. 2007లో చేసిన చట్టము ఆ వాడుకను స్థిరపరచెను. తుపాను వెళ్లిన కొద్ది నెలలలోనే ప్రభుత్వము ఆ చట్టమును మార్చుటకు పూనుకొనెను. ఎవరి స్థలము వారి పేర నున్నయెడల బ్యాంకులు అప్పు ఇచ్చుననియు, ఇండ్లు త్వరగా లేచుననియు అధికారులు చెప్పిరి. మేము ఇల్లు విడిచి చెదరియుండగా మా నేలనుగూర్చి మమ్మును సరిగా అడుగకుండ నిర్ణయింతురా అని ద్వీపవాసులలో అనేకులు మొరపెట్టిరి. వ్యాజ్యము న్యాయస్థానములకెక్కెను. చట్టము సంగతి న్యాయాధిపతులు చూచుకొందురు. మనము నేర్చుకొనవలసినది వేరొకటి: ఆపద తీరిన దినముననే అడుగవలసిన బాధ్యత ఆరంభమగును.

యెరికో త్రోవ ప్రక్కను కూర్చున్న బర్తిమయిని తలంచుకొనుడి. వాడు గ్రుడ్డివాడని గుంపులో అందరికి తెలియును, ప్రభువునకును తెలియును. అయినను నీకేమి కావలెనని ఆయన వానినడిగెను. వాని నోట వాని కోరికను పలుకనిచ్చెను. ఊరకుండుమని గద్దించినవారు గుంపులోనివారే. సహాయము చేయవచ్చిన మనము ఒక్కొక్కప్పుడు ఆ గుంపువలెనే యుందుము.

మన తీరపు గ్రామములకు ఇది దూరపు కథ కాదు. 1977 నవంబరు 19న దివిసీమను ముంచిన ఉప్పెనను మన పెద్దలు మరువలేదు. గనుక మరల అట్టి దినము వచ్చినయెడల కొన్ని సంగతులు జ్ఞాపకముంచుకొందము. తెలిసినది తెలిసినట్టు చెప్పవలెను; తెలియనిది తెలియదనవలెను. ఊరడింపు కొరకైనను అబద్ధమాడుట అన్నములో రాళ్లు కలిపి వడ్డించుటయే. సహాయకులందరును ముందుగా కలిసికొని ఒకే మాట చెప్పవలెను. బియ్యము సోమవారమని ఒకరును గురువారమని ఒకరును చెప్పినయెడల, ముసలి విధవరాలు రెండుసార్లు నడిచి వట్టి చేతులతో తిరిగివచ్చును. గోడకు కాగితము అంటించి పని తీరెననుకొనరాదు. చదువురానివారి గుమ్మమునకు, పేటలోని చివరి గుడిసెకు మనమే వెళ్లవలెను. అన్నిటికంటె ముఖ్యముగా, అడిగినవాడు జవాబుతో తిరిగి రావలెను. అడిగి మరల కనబడకపోవుట అడుగకపోవుటకంటె ఎక్కువ గాయము చేయును.

ఇల్లు పోయినవానికి ఇంకను మిగిలియున్నది వాని మాట. మేలు చేయు తొందరలో దానిని కూడ మనము తీసివేయకుందుము గాక. ప్రభువు మనకు ఇచ్చు చేతితోకూడ వినెడి చెవిని దయచేయును గాక. ఆమేన్.