ఇంటి నిల్వలో పొరుగింటి హక్కు

కష్టకాలం కోసం ఇంట్లో ఆహార పదార్థాలు నిల్వ చేసుకోవడం అల్లాహ్‌పై ఉంచవలసిన నమ్మకానికి (తవక్కుల్‌కు) విరుద్ధమా? మామూలు రోజుల్లో ఈ ప్రశ్న ఎవరికీ తట్టదు. 2020 మార్చిలో తట్టింది. 22వ తేదీన జనతా కర్ఫ్యూ, ఆ సాయంత్రమే రాష్ట్రంలో లాక్‌డౌన్ ప్రకటన, ఆ తర్వాత రెండు రోజులకు దేశమంతటా లాక్‌డౌన్. గజ్వేల్ లాంటి పట్టణాల్లో చేతిలో నాలుగు రూపాయలున్నవారు కిరాణా దుకాణాలకు పరుగెత్తారు. బియ్యం, గోధుమపిండి, నూనె, పప్పులు బస్తాల లెక్కన ఇళ్లకు చేరాయి. ఏ రోజు కూలీతో ఆ రోజు సరుకులు తెచ్చుకునేవారికి మాత్రం కూలీ లేదు, కొనే శక్తీ లేదు.

అప్పుడు మన బస్తీల్లో రెండు రకాల మాటలు వినిపించాయి. ఆహారం ఇచ్చేవాడు అల్లాహ్ అయినప్పుడు ఈ ఆరాటమెందుకని కొందరు అన్నారు. పిల్లలు గలవారు ముందుచూపుతో ఉండకపోతే ఎలాగని మరికొందరు అన్నారు. ఈ రెండు మాటల్లోనూ కొంత నిజముంది. అయితే అసలు అడగవలసిన ప్రశ్న వేరే ఉందని, ఆ రెండు వర్గాలూ దానిని అడగలేదని మా అభిప్రాయం.

ముందుగా తవక్కుల్ విషయం చూద్దాం. దివ్యఖుర్ఆన్‌లోని యూసుఫ్ సూరా మనందరికీ తెలిసిందే. ఏడేళ్లు పంటలు పండుతాయి, ఆ తర్వాత ఏడేళ్లు కరువు వస్తుందని రాజు కలకు హజ్రత్ యూసుఫ్ (అలైహిస్సలాం) అర్థం చెప్పారు. అంతటితో ఆగలేదు. తినడానికి కావలసిన కొద్దిపాటి ధాన్యం తప్ప మిగతాదంతా వెన్నులతోనే ఉంచాలని ఉపాయం కూడా చెప్పారు. ఒక ప్రవక్త నోట వెలువడిన ఈ సలహాలో నమ్మకానికి లోటు ఎక్కడుంది? ఇక మన ప్రవక్త (సల్లల్లాహు అలైహి వసల్లం) విషయానికొస్తే, బనూ నజీర్ తోటల రాబడి నుంచి తమ ఇంటివారికి ఏడాదికి సరిపడా ఆహారం తీసి ఉంచేవారని హజ్రత్ ఉమర్ (రజి) ఉల్లేఖించిన హదీసు బుఖారీలో ఉంది. కాబట్టి డబ్బా నిండా బియ్యం పోసుకున్న ఇల్లాలిని చూసి ఆమె ఈమాన్‌ను శంకించే హక్కు ఎవరికీ లేదు.

అయితే ఇదే బుఖారీలో మరో విషయం కూడా ఉంది. మహాప్రవక్త (స) పరమపదించేనాటికి ఆయన కవచం ముప్పై సాల యవల కోసం ఒక యూదుని దగ్గర తాకట్టులో ఉంది. ఏడాది ఆహారం నిల్వ చేసిన ఇంట్లో యవలకు తాకట్టు పెట్టవలసిన అవసరం ఎందుకొచ్చింది? హదీసు వ్యాఖ్యాతలు దీనికి సమాధానం ఇచ్చారు. నిల్వ చేయడం నిజమే, అయితే ఏడాది గడవకముందే అతిథులకు, అవసరార్థులకు అది ఖర్చయిపోయేది. అంటే ఆ ఇంట్లో నిల్వ ఉండేది కాని, దానికి తాళం ఉండేది కాదు.

ఇప్పుడు అసలు ప్రశ్నకు వద్దాం. దీనికి ఖుర్బానీ మాంసం గురించిన హదీసు కన్నా మంచి దారి మరొకటి మాకు కనబడలేదు. బక్రీదు తర్వాత మన ఇళ్లల్లో మాంసాన్ని సన్నగా కోసి, ఉప్పు, పసుపు పట్టించి దండేనికి ఆరబెట్టడం మనకు కొత్త కాదు. ఊళ్లల్లో వాటిని ఒట్టి తునకలంటారు. నెలల తరబడి నిల్వ ఉంటాయి. ఇది ధర్మసమ్మతమే. కాని ఒక ఏడాది మహాప్రవక్త (స) ఖుర్బానీ మాంసాన్ని మూడు రోజులకు మించి ఉంచుకోవద్దని ఆదేశించారు. మరుసటి సంవత్సరం సహాబీలు ఈసారి కూడా అలాగే చేయాలా అని అడిగితే, తినండి, ఇతరులకు ఇవ్వండి, నిల్వ కూడా చేసుకోండి అన్న భావంతో అనుమతి ఇచ్చారు. మొదటి ఏడాది ఎందుకు నిషేధించారంటే, ఆ సంవత్సరం ప్రజలు ఇబ్బందుల్లో ఉన్నారు. హజ్రత్ ఆయిషా (రజి) ఉల్లేఖనంలో కారణం మరింత స్పష్టంగా ఉంది. ఆ పండుగ రోజుల్లో ఎడారి నుంచి పేద కుటుంబాలు కొన్ని మదీనాకు వచ్చి చేరాయి.

ఈ హదీసును కాస్త నిలబడి చూడండి. మాంసం అదే, ఇల్లు అదే, ఉప్పు పట్టించే చేతులూ అవే. ఒక ఏడాది నిల్వ కూడదన్నారు, మరుసటి ఏడాది అనుమతించారు. మధ్యలో మారింది వీధిలోని పరిస్థితి ఒక్కటే. నిల్వ మంచిదా చెడ్డదా అన్న తీర్పు మన వంటగదిలో లేదు, గోడ అవతల ఉంది. ఎంత ఉంచుకోవచ్చు అని అడిగే ముందు, ఇప్పుడు మన చుట్టూ ఎవరు పస్తులున్నారు అని అడగాలి. 2020లో రెండు వర్గాలవారూ అడగనిది ఇదే.

దీని వెంటే కాలానికి సంబంధించిన విషయం ఒకటుంది. ధర పెరగాలని సరుకును దాచిపెట్టేవాడు పాపి అని హదీసు చెబుతోంది. ఇహ్‌తికార్ అనబడే ఈ పని ప్రధానంగా వర్తకులకు సంబంధించినదని, ఇంటి ఖర్చుకు తెచ్చి పెట్టుకున్నది దాని కిందికి రాదని ధర్మశాస్త్రవేత్తలు అన్నారు. మంచిదే. కాని పాపం కిందికి రాకపోవడం వేరు, పుణ్యం కావడం వేరు. హజ్రత్ యూసుఫ్ (అలైహి) నిల్వ చేయించింది పంటలు పండిన ఏళ్లల్లో. అప్పుడు దాచిన గింజ ఎవరి నోటి నుంచీ లాక్కున్నది కాదు. దుకాణంలో సరుకు నిండుకుంటున్న రోజున నాలుగు బస్తాలు ఎత్తుకొచ్చేవాడు కూడా తన పిల్లల కోసమే తెచ్చుకుంటాడు. అయినా అతని తర్వాత వరుసలో నిలబడ్డవాడు ఖాళీ సంచితో ఇంటికి పోతాడు. చేసిన పని ఒకటే, చేసిన రోజు వేరు.

మన పెద్దలకు ఈ సంగతి బాగా తెలుసు. గజ్వేల్ ప్రాంతం 2016 అక్టోబరు దాకా మెదక్ జిల్లాలో ఉండేది. కరువును చూసిన నేల అది. జొన్నలు, మక్కలు, కందులు పండినప్పుడు పేడతో అలికిన గుమ్ముల్లో, గరిసెల్లో, భూమిలో గడ్డి పరిచి తవ్విన పాతరల్లో పోసుకునేవారు. చేతిలో పైసలు లేకపోయినా ఇంట్లో గట్క కాచుకోవడానికి గింజలుండేవి. 2020 మే 29న కొండపోచమ్మ సాగర్ ప్రారంభమైంది, గోదావరి నీళ్లు ఈ వైపుకొచ్చాయి. వరి పెరిగింది. ఇవి ఒక విధంగా మన పంటల ఏళ్లు. కాని గుమ్ములు అటకెక్కాయి, చాలా ఇళ్లల్లో అవి ఎలా ఉంటాయో కూడా పిల్లలకు తెలియదు. నీళ్లు వచ్చినందుకు అల్లాహ్‌కు కృతజ్ఞతలు చెప్పుకుందాం. జలాశయాల కింద ఊళ్లను కోల్పోయి గజ్వేల్ దగ్గరి పునరావాస కాలనీల్లో కొత్తగా బతుకు మొదలుపెట్టిన రైతు కుటుంబాలను కూడా గుర్తుంచుకుందాం. ఇంటి గింజ తిన్న చేతులతో కిలోల లెక్కన బియ్యం కొనుక్కోవడం ఎంత భారమో వారిని అడిగితే తెలుస్తుంది.

అదే పాత మెదక్ జిల్లాలో, జహీరాబాద్ దగ్గరి పస్తాపూర్ కేంద్రంగా 1983 నుంచి దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ పనిచేస్తోంది. అందులోని మహిళా సంఘాలు, ఎక్కువగా దళిత స్త్రీలు, చేసిన పని మనం నేర్చుకోదగినది. బీడు భూములను సాగులోకి తెచ్చుకోవడానికి సంఘం నుంచి సాయం పొందారు, దానిని జొన్నల రూపంలో తిరిగి జమచేశారు. ఆ జొన్నలను ఊళ్లోనే నిల్వచేసి, పనులు దొరకని నెలల్లో తక్కువ ధరకు పేద ఇళ్లకు ఇచ్చారు. ఎవరు ఎంత పేదవారో ఊరివారే కూర్చుని తేల్చుకున్నారు, ఎక్కువ పేదకు ఎక్కువ వాటా. 2019లో ఈ సంస్థకు ఈక్వేటర్ ప్రైజ్ లభించింది. ఈ స్త్రీలు ముస్లిములు కారు. కాని వారి జొన్నల నిధి గురించి వింటే యమన్ నుంచి వచ్చిన అష్అరీ తెగవారు గుర్తుకొస్తారు. ప్రయాణంలోనో ఊళ్లోనో తిండి తగ్గినప్పుడు వాళ్లు ఉన్నదంతా ఒకే గుడ్డలో పోసి, ఒకే పాత్రతో సమానంగా కొలిచి పంచుకునేవారట. మహాప్రవక్త (స) వారిని తమవారిగా చెప్పుకుని మెచ్చుకున్నారు. మన మస్జిద్ కమిటీలు రమజాన్‌లో ఫిత్రా పంచుతాయి, సంతోషం. మిగతా పదకొండు నెలలకు ఒక గది, రెండు డ్రమ్ములు, ఒక లెక్క పుస్తకం ఉంటే ఎంత బాగుండును!

ఇక ఇంటి సంగతి. 2020 లాక్‌డౌన్‌లో రాష్ట్ర ప్రభుత్వం రేషన్ కార్డులో ఉన్న ఒక్కొక్కరికి 12 కిలోల బియ్యం ఉచితంగా, కార్డుకు 1,500 రూపాయలు ఇచ్చింది. 2025 జూన్‌లో మూడు నెలల సన్నబియ్యం ఒకేసారి ఇచ్చారు. మనిషికి నెలకు 6 కిలోల చొప్పున 18 కిలోలు. ఐదుగురున్న ఇంటికి 90 కిలోలు! అంత బియ్యం ఒక్కసారి ఇంటికి వస్తే ఎక్కడ పెట్టాలో తోచక అమ్ముకోవాలనిపిస్తుంది. అలా అమ్ముకుంటే రెండో నెలలో మళ్లీ ఎక్కువ ధరకు కొనవలసిందే. బియ్యాన్ని నీడలో పలుచగా ఆరబోసి, తడి లేని డబ్బాలో ఎండు వేపాకు వేసి పోసుకోవాలి. బస్తాను నేల మీద కాకుండా పలకల మీద ఉంచాలి. కందిపప్పును ఎండలో పెట్టి కాస్త ఆముదం పట్టించాలి. చింతపండు గింజ, ఈనె తీసి ఉప్పు కలిపి జాడీలో అదిమితే ఏడాది నిలుస్తుంది. ముందు తెచ్చినది ముందు వండాలి. పురుగుపట్టి పారబోసిన నిల్వకు రేపు అల్లాహ్ ముందు లెక్క చెప్పవలసి ఉంటుంది.

ఇంత ఉంటే అంగడికి పోకుండానే పది రోజులు గడుస్తుంది. మసూర్ పప్పు వేసిన ఖిచిడీ, దానిలోకి వేయించిన నువ్వులు, పల్లీలు నూరి చింతపండు పులుసులో కలిపిన ఖట్టా, ఒక పాపడ్. మన ఇళ్లల్లో పిల్లలు ఇష్టంగా తినే ఈ భోజనంలో బజారు నుంచి అప్పటికప్పుడు తెచ్చేది ఉల్లిగడ్డ మాత్రమే. పచ్చిపులుసు, సర్వపిండి, మక్క గట్క కూడా ఇలాంటివే. కష్టకాలపు వంటను చిన్నచూపు చూడకండి. హిజ్రీ 18లో (క్రీ.శ. 639) అరేబియాలో వచ్చిన కరువును రమాదా సంవత్సరం అంటారు. ఆ ఏడాది ప్రజల కష్టం తీరేదాకా నెయ్యి, మాంసం ముట్టనని హజ్రత్ ఉమర్ (రజి) ఒట్టు పెట్టుకున్నారు. నూనెతో రొట్టె తిని తిని ఆయన శరీరం రంగు మారిపోయిందని చరిత్రకారులు రాశారు. ఖలీఫా అయివుండీ తన పళ్లేన్ని ప్రజల పళ్లేలతో సమం చేసుకున్నారు.

ఇక్కడ ఇల్లాలికి ఒక సందేహం కలుగుతుంది. సంపాదన భర్తది. మరి డబ్బాలోంచి తీసి పక్కింటికి ఇవ్వవచ్చా? ఇంటికి నష్టం కలగని రీతిలో భార్య ఇంటి ఆహారం నుంచి దానం చేస్తే ఇచ్చినందుకు ఆమెకూ, సంపాదించినందుకు భర్తకూ, భద్రపరిచినవారికీ పుణ్యం లభిస్తుందని, ఒకరి పుణ్యం మరొకరి పుణ్యాన్ని తగ్గించదని మహాప్రవక్త (స) తెలిపారు. కాబట్టి భర్తలు డబ్బాలు తెరిచి కొలతలు చూడటం మానుకుంటే మంచిది. అలాగని సొంత పిల్లలను పస్తుంచి పంచమని ధర్మం చెప్పలేదు. తన పోషణలో ఉన్నవారితో మొదలుపెట్టాలన్నదీ ప్రవక్త (స) మాటే. ఇద్దరి తిండి ముగ్గురికి సరిపోతుందన్నదీ ఆయన మాటే. ఈ రెంటి మధ్య గీత ఎక్కడ గీయాలో ఏ ముఫ్తీ సాహెబూ మన వంటింటికొచ్చి చెప్పలేరు. పులుసులో నీళ్లు కాస్త ఎక్కువ పోసి పొరుగువారిని చూసుకోమని హజ్రత్ అబూజర్ (రజి) గారికి చేసిన హితవును బట్టి ఎవరికి వారే ఆలోచించుకోవాలి.

పొరుగువారంటే మనవారే అనుకోకూడదు. హజ్రత్ అబ్దుల్లాహ్ బిన్ అమ్ర్ (రజి) ఇంట్లో మేకను కోసినప్పుడు ఆయన మొదట అడిగింది యూదుడైన పొరుగువానికి పంపారా లేదా అని.

ఇంకొక విషయం. నిజంగా పస్తులుండేవారు చాలామంది అడగరు. వారి బిడియాన్ని చూసి తెలియనివారు కలిగినవారనుకుంటారని ఖుర్ఆన్ బఖరా సూరాలో హెచ్చరించింది. లాక్‌డౌన్‌లో సంచులు పంచుతూ ఫొటోలు దిగినవారికి ఇలాంటి ఇళ్లు కనబడలేదు. కనబడాలంటే చిన్న గుర్తులు పట్టుకోవాలి. రోజూ అడ్డా మీదికి పోయే మనిషి వారం నుంచి గడపలో కూర్చుని ఉంటాడు. పక్కింటి ఖాలా పావుకిలో చక్కెర కోసం గిన్నె ఇచ్చి పిల్లవాణ్ణి పంపుతుంది, రెండు రోజులకు పప్పు కోసం మళ్లీ పంపుతుంది. అప్పుడు గిన్నెలో పప్పు పోయండి. పక్కన మరో సంచిలో రెండు కిలోల బియ్యం పెట్టి, అమ్మీకి సలాం చెప్పమని పిల్లవాడితో అనండి. తిరిగి ఇచ్చే మాట మీరు ఎత్తకండి, ఆమె ఎత్తితే వినిపించుకోకండి.