తుప్పు మీద రంగు

లోపాన్ని దాచడం తప్పా? ఈ ప్రశ్న పెళ్లిసంబంధాలు మాట్లాడే చోట నాకు చాలాసార్లు ఎదురైంది గానీ, జవాబు మాత్రం మావారి పాత మోటారు సైకిలు దగ్గర దొరికింది. నవ్వకండి!

మాది విశాఖపట్నం. సముద్రపు గాలి తగిలే ఊళ్లో ఇనుముకి ఆయుష్షు తక్కువ. ఆ గాలిలోని ఉప్పు చెమ్మని పట్టి ఉంచి తుప్పుని తొందరపెడుతుంది. బండి ట్యాంకునీ, హ్యాండిలునీ రోజూ తుడుస్తాం. అసలు బరువు మోసే ఫ్రేముని ఎవరు చూస్తారు? సీటు కింద, బ్యాటరీ కింద, అతుకుల దగ్గర అది చడీచప్పుడూ లేకుండా ఎర్రబడుతూ ఉంటుంది. ఇంట్లో బరువు మోసే మనిషి సంగతీ అంతే కదూ!

బండి అమ్మేద్దామనుకున్నప్పుడు తెలిసిన పెద్దాయన ఒకరు సలహా చెప్పారు: "ఎందుకమ్మా శ్రమ? నల్లరంగు ఓ పూత పూయించండి, పెళ్లికొడుకులా ఉంటుంది. వెయ్యి అబద్ధాలాడైనా ఓ పెళ్లి చెయ్యమన్నారు కదా!"

సామెత ఉన్నమాట నిజమే. కానీ తుప్పుకి సామెతలు తెలియవు. ఇనుము తుప్పుగా మారితే మునుపటికంటె ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది. అందుకే పైనున్న రంగుని పొక్కులా లేపేస్తుంది. అల్యూమినియం గిన్నె మీద ఏర్పడే సన్నని పొర లోపలి లోహాన్ని కాపాడుతుంది. ఇనుప తుప్పు అలా కాదు. గుల్లగా ఉండి గాలినీ చెమ్మనీ లోపలికి రానిస్తూనే ఉంటుంది. పైన రంగు నిగనిగలాడుతుంటే లోపల గొట్టం పలచబడుతుంది.

అయితే రంగు వెయ్యడమే తప్పా? కానే కాదు. పద్ధతి తెలిసినవాళ్లూ చివరికి వేసేది రంగే. వైరు బ్రష్షుతో పొలుసులు రాల్చి, ఎమరీ పేపరుతో ఇనుము మెరిసేదాకా రుద్ది, దుమ్మూ జిడ్డూ తుడిచి, ఆరిన వెంటనే రెడ్ ఆక్సైడ్ పూసి, ఆ పైన రంగు వేస్తారు. డబ్బా అదే, కుంచె అదే. ఒకరు కాపాడ్డానికి వేస్తారు, ఇంకొకరు కనపడకుండా ఉండడానికి వేస్తారు. తేడా అంతా ముందు రుద్దడంలోనే ఉంది.

రుద్దడానికీ ఓ హద్దుంది సుమండీ. గుంటలు లోతుగా పడితే ఎంత రుద్దినా గొట్టం అరగడమే తప్ప లాభం లేదు. మా బండికి ఒక అతుకు దగ్గర అలాగే బయటపడింది. కొనడానికొచ్చిన అబ్బాయికి అది చూపించి, వెల్డింగు ఖర్చు ధరలో తగ్గించాం. ట్యాంకు మీద గీతల మాట మాత్రం ఎత్తలేదు. ఆ అబ్బాయి రేపు ఆ బండి మీద భార్యనీ, చంటిపిల్లనీ ఎక్కించుకుంటాడు. గీతలతో వాళ్లకేం ప్రమాదం లేదు; ఆ అతుకు విరిగితే? తగ్గించిన సొమ్ము మొదటినుంచీ మాది కాదనే అనుకున్నాం.

సంబంధాల్లోనూ అంతే అనిపిస్తుంది నాకు. పిల్లకి వంట రాదనో, కుర్రాడికి గురక ఉందనో చాటింపు వెయ్యనక్కర్లేదు. కానీ తాగుడూ, అప్పులూ దాస్తే? ఆ దాచిన చోటే కదా, ఒక ఆడపిల్ల తన బతుకు బరువంతా ఆనించేది!

రేపు ఆనేది ఎవరి బరువో ఒక్కసారి చూసుకుని, చెప్పవలసింది చెప్పెయ్యండి. ఆ తర్వాత రంగులు వేసుకోండి, ఎవరు వద్దన్నారు?