తుడిచిన చోట వెలుగు

లండన్ నేషనల్ గ్యాలరీలో ఒక తుఫాను ఉంది. దాని ఎత్తు పన్నెండు సెంటీమీటర్లు, పోస్టుకార్డు పక్కన పెడితే సరిపోతుంది. అందులో ఉన్నవల్లా నలుపూ తెలుపూ. గీసినవాడు నార్వే సముద్ర చిత్రకారుడు పేదర్ బాల్కె.

ఆయన పనితీరు తెలిశాక ఆ బొమ్మను నేను వేరేగా చూడడం మొదలుపెట్టాను. చిన్న పలకకు ముందు తెల్లటి పూత. దానిమీద పల్చగా నల్లరంగు. అది ఆరేలోగా గుడ్డతోనో వేలితోనో తుడవడం. కెరటం అంచున మెరిసే నురగ చాలాచోట్ల పైనుంచి పెట్టిన తెలుపు కాదు, అడుగున ముందే ఉన్న తెలుపు.

వేదాంతులు అధ్యారోపం, అపవాదం అనే జంటమాటలు వాడతారు. లేనిదాన్ని ఉన్నదానిమీద మోపడం మొదటిది, మోపినదాన్ని తీసేయడం రెండోది. తాడుమీద పాము తోచడం, దీపం తెచ్చాక తాడే మిగలడం మనం చిన్నప్పటినుంచీ వింటున్నదే. ఆ పోలికలో నాకు అంతుపట్టనిది ఒకటుండేది. చివరికి తీసేయవలసిందే అయితే గురువు ముందుగా మోపడం ఎందుకు? బాల్కె పలక కొంత జవాబు చెప్పింది. నలుపు పూయని పలక ఒట్టి పలకే, అందులో సముద్రం లేదు. తెలుపు అక్కడే ఉన్నా, అది వెలుగని కంటికి తెలియాలంటే ఒకసారి చీకటి కమ్మాలి. (పాపం, ఆ నార్వే మనిషికి శంకరుణ్ణి అంటగట్టడం నా ఉద్దేశం కాదు.)

బాల్కె బతుకులోనూ తుడుపులు తక్కువేమీ కాదు. 1804లో మ్యోసా సరస్సులోని హెల్గొయా దీవిలో పేదింట పుట్టాడు. ఇళ్ల గోడలకు రంగులు వేసి బతికాడు. 1832లో ఉత్తర కొసన నార్డ్‌కాప్ దాకా వెళ్లి ఆ కొండలనూ కడలినీ కళ్లలో నింపుకున్నాడు. డ్రెస్డెన్‌లో చిత్రకారుడు యోహాన్ క్రిస్టియన్ డాల్ దగ్గర నేర్చుకున్నాడు. ప్రవాసంలో ఉన్న రోజుల్లో, 1795లో, అదే నార్డ్‌కాప్ చూసిన లూయీ ఫిలిప్ తర్వాత ఫ్రాన్సుకు రాజై, బాల్కెకు బొమ్మల పని అప్పగించాడు. 1848 విప్లవంలో రాజు గద్దె దిగాడు, ఆ పనీ పోయింది. నార్వేకు తిరిగొచ్చాక బొమ్మలు కూడు పెట్టలేదు. క్రిస్టియానియా (నేటి ఓస్లో) అంచున కూలీల కోసం బాల్కెబీ అనే పేట కట్టించాడు. 1879లో అదీ అగ్గిపాలైంది.

ఈ చిన్న పలకల్లో ఎక్కువభాగం రాజు పోయిన తర్వాతివి, అమ్మకానికి కాకుండా తనకోసం వేసుకున్నవి. దీన్ని నిష్కామకర్మ అనేయాలని నోటిదాకా వస్తుంది. కాని కొనేవాళ్లు లేకపోవడం వేరు, కోరిక లేకపోవడం వేరు. ఆయన లోపల ఏముందో పైనుంచి తీర్పు చెప్పే అధికారం మనకు లేదు. కనిపించేది ఒక్కటే: అడిగేవాడు లేకపోయినా చెయ్యి ఆగలేదు.

1887లో ఆయన పోయేనాటికి చిత్రకారుడు బాల్కెను తలచుకునేవాళ్లు అరుదు. ఎప్పుడో వయసులో ఉండగా చూసిన సముద్రాన్ని ఆయన తలపులోంచే తీసి, నలుపు పూసి, తుడుస్తూ పోయాడు. కొన్ని పలకలమీద ఆ వేళ్ల జాడ ఇప్పటికీ కనిపిస్తుంది.