విధవరాలి నూనె – మన క్రెడిట్ కార్డు

ధ్యాన భాగము: 2 రాజులు 4:1–7



ప్రవక్తల శిష్యులలో ఒకడు చనిపోయెను. అతడు దైవభక్తి గలవాడే. అయినను ఇంటివారికి అప్పు మిగిల్చి పోయెను. అప్పిచ్చినవాడు ఇద్దరు కుమారులను దాసులుగా తీసికొనిపోవుటకు రాగా, ఆ తల్లి ఎలీషాయొద్ద మొఱపెట్టెను. భక్తిగల యింటికి అప్పు రాదని వాక్యము ఎక్కడను చెప్పుట లేదు.

ఈ సంగతి ఇప్పుడు వ్రాయుటకు కారణమున్నది. కోలారు బంగారు గనులు 2001లో మూతపడిన తరువాత మన పిల్లలు అనేకులు రైలెక్కి బెంగుళూరు పనులకు పోవుచున్నారు. అట్టి బిడ్డ ఒకడు కొన్ని నెలలుగా ఆరాధనకు రాలేదు. మేము ఇంటికి వెళ్లగా, తల్లి వంటింటిలో ఉన్న సమయము చూచి మూడు కార్డుల బిల్లులు మా ముందు పెట్టెను. మొదటిది ఫోను కొనుటకు, రెండవది చెల్లెలి పెండ్లికి, మూడవది ఆ రెంటి బాకీ కట్టుటకు. "మాస్టారూ, నెలనెలా కడుతూనే ఉన్నాను, అప్పు మాత్రం తరగడం లేదు" అని కన్నీరు పెట్టుకొనెను.

ఎందుకు తరుగలేదో మేము కాగితము మీద లెక్క వేసి చూపితిమి. బిల్లులో రెండు అంకెలుండును: మొత్తము బాకీ ఒకటి, కనీసము కట్టవలసినది ఒకటి. 20,000 రూపాయల బాకీకి 5 శాతము చొప్పున కనీసము 1,000 కట్టితిమనుకొందము. వడ్డీ నెలకు 3.5 శాతమైతే 700 రూపాయలు. ఆ వడ్డీపై 18 శాతము జి.ఎస్.టి. 126. కట్టిన వెయ్యిలో అసలుకు చెల్లినది 174 రూపాయలే! అంతేకాదు, పాత బాకీ నిలిచియుండగా క్రొత్తగా కొన్నదానికి వడ్డీలేని గడువు ఉండదు. ఎ.టి.ఎం.లో ఆ కార్డుతో నగదు తీసినచో తీసిన దినము నుండియే వడ్డీ, పైగా రుసుము.

ఆ విధవరాలియొద్ద మనము నేర్చుకొనవలసినవి మూడు.

మొదటిది, ఆమె దాచలేదు. అప్పు కంటె దానిని దాచుట ఎక్కువ హాని చేయును. భార్యకు తెలియని కార్డు, తల్లికి తెలియని బిల్లు మన యిండ్లలో ఉండకూడదు.

రెండవది, ఇంట ఏమున్నదో చూచుకొనెను. ఆమెకున్నది కొంచెము నూనె మాత్రమే. కార్డు మీద లక్ష రూపాయల లిమిటు ఉన్నదనగా అది మన సొమ్ము కాదు. మనకున్న నూనె మన జీతమే. గడువు దినమునకు మొత్తము కట్టగలమా? కట్టలేనిచో కార్డు బయటికి తీయకుడి.

మూడవది, ముందు అప్పు తీర్చి, తరువాత మిగిలినదానితో బ్రదికెను. మనము తిరుగవేసి, ముందు ఖర్చుచేసి మిగిలినది అప్పుకు కట్టుచున్నాము. బాకీ ఉన్నవారు కార్డు వాడుట మానుడి. వడ్డీ ఎక్కువ ఉన్నదానిని ముందు తీర్చుడి. కార్డును కత్తిరించినంత మాత్రమున ఖాతా మూయబడదు. బాకీ అంతయు కట్టి, మూయుమని బ్యాంకును కోరవలెను. అట్లు కోరిన 7 పనిదినములలో మూయవలెనని రిజర్వు బ్యాంకు నిబంధన.

సంఘపెద్దలారా, మనకును ఒక మాట. ఆమె ఇరుగుపొరుగువారు ఇచ్చినవి వట్టి పాత్రలే. మనయొద్ద డబ్బు లేకపోవచ్చును. అయితే ఎగతాళి చేయక వినుటకు చెవులున్నవి, కూర్చుండి లెక్క చూచుటకు సమయమున్నది. అప్పులపాలైన బిడ్డ సిగ్గుపడి తప్పించుకొని తిరుగు స్థలముగా మన మందిరము ఉండకూడదు.

ఆ బిడ్డ ఆ సాయంకాలమే తల్లితో చెప్పెను. బాకీ ఇంకను తీర్చుచున్నాడు. గాని ఆదివారము మరల మన మధ్య కూర్చుండుచున్నాడు.

ప్రభువు మన చేతి పనిని, మన యింటి లెక్కను ఆశీర్వదించును గాక. ఆమేన్.